నిషేధించిన పుస్తకాలు: అపోహలు – వాస్తవాలు

తెనాలిలో మా తాతగారి ఇంట్లో చలం నవల ‘మైదానం’కి న్యూస్‌పేపరు అట్ట ఉండేది. అట్ట మీద సిరా పెన్నుతో ‘లెక్కలు’ అని రాసి, పాత పంచాంగాల వెనక దాచేవాళ్లు. ఎందుకలా అని అడిగితే మా పెద్దమ్మ, “నీతీ నియమం లేని మనిషి రాసిందిరా అది” అంది. ఆ మాట ఈనాటికీ తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో వింటూనే ఉన్నాను. దాని వెంట ఇంకొన్ని అపోహలు కూడా వినిపిస్తాయి.

అపోహ: చలానికి నీతి అంటే గిట్టదు.

వాస్తవం: తెనాలిలో తాతగారింట పెరిగిన చలం కాలేజీ చదువుకి కాకినాడ వెళ్లి, అక్కడ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి ప్రభావంతో బ్రహ్మసమాజంలో చేరాడు. భోగం మేళాలు మానాలని, శీలమే ప్రధానమని ఊరూరా చెప్పిన మహానుభావుడు నాయుడుగారు. అంటే ఆంధ్రదేశంలో అన్నిటికంటే గట్టి నీతి ఉద్యమం నుంచే చలం బయటికొచ్చాడు. ఆడదాని మనసుని లెక్కచెయ్యని నీతి ఆయనకి చాలలేదు. 1927లో ‘మైదానం’ రాసింది నీతి తెలియక కాదు, దాన్ని లోపలినుంచి చూసినందువల్ల.

అపోహ: ‘మాలపల్లి’ని బూతు ఉందని నిషేధించారు.

రేపల్లెలో ఒక సభలో ఈ మాట విని నాకు చాలా బాధ కలిగింది. మన గుంటూరు సీమ మనిషి ఉన్నవ లక్ష్మీనారాయణ, వితంతు వివాహాలు చేయించిన సంస్కర్త, జైల్లో కూర్చుని రాసిన నవల అది. 1922లో అచ్చయింది. మాల కుటుంబాన్ని కథకి నడిబొడ్డున నిలిపింది. కూలివాళ్లని రెచ్చగొడుతోందని, బోల్షెవిక్ భావాలు ఉన్నాయని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కొన్ని మార్పులతో 1928లో వదిలి, 1936లో మళ్లీ ఆపింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకే ఆ నిషేధం పోయింది. ఇందులో బూతు ప్రసక్తే లేదు.

అపోహ: సంస్కర్తలు స్వేచ్ఛ వైపు, ఛాందసులు నిషేధం వైపు.

ఇది అన్నిటికంటే మొండి అపోహ. తెనాలి మున్సిపల్ ఛైర్మన్‌గా ఉండగా కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గ్రామదేవత గంగానమ్మకి జంతుబలులు ఆపించారు, అవిశ్వాస తీర్మానం కూడా ఎదుర్కొన్నారు. సంస్కర్త చేతికి అధికారం వస్తే ఆయనా నిషేధాన్ని వాడతాడు. బలి ఆపడం నాకు మంచిగానే తోస్తుంది. పుస్తకం దగ్గరికి వచ్చేసరికే నాకు పేచీ. అలాంటి పుస్తకం ఒకటి చెబుతాను.

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ అనే శృంగార కావ్యం రాసింది. 1887లో అది అచ్చయినప్పుడు ఆమె తన గురించి, తన ఇంటి ఆడవాళ్ల గురించి చెప్పుకున్న పీఠికని తీసేశారు. కొన్ని పద్యాలూ పోయాయి. బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, అవన్నీ తిరిగి చేర్చి, 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రచురించింది. తిరువయ్యారులో త్యాగయ్యగారి సమాధికి గుడి కట్టించింది కూడా ఆవిడే.

ఆ పుస్తకాన్ని తిట్టిన వారిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ముఖ్యులు. వితంతువుల పెళ్లిళ్ల కోసం రాళ్లదెబ్బలకి వెరవని మనిషే, ‘ఆంధ్రకవుల చరిత్ర’లో ముద్దుపళని శీలాన్నే తప్పుపట్టి, ఆడవాళ్లు చదవదగ్గ పుస్తకం కాదన్నారు. నాగరత్నమ్మ ఊరుకోలేదు. పంతులుగారే పరిష్కరించిన ‘వైజయంతీ విలాసము’లో ఇంతకంటే పచ్చి శృంగారం లేదా, సిగ్గు ఆడదానికేనా అని అడిగింది. నాకు తెలిసినంతలో ఆ ప్రశ్నకి సరైన జవాబు రాలేదు. వచ్చింది పోలీసులు. 1911లో ప్రతులు జప్తు చేశారు. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ కూడి తెలుగువాళ్ల ఉనికి గురించి మాట్లాడే నాటికి, ఒక తెలుగు కవయిత్రి కావ్యం ఆ స్థితిలో ఉంది. 1927లో వావిళ్ల వారి మీద మళ్లీ దాడి జరిగింది. పంతులుగారి మీద నాకున్న గౌరవం తగ్గదు, ఈ ఒక్కచోట మాత్రం ఆయన తప్పు చేశారు.

అపోహ: ఒక్క పచ్చి పద్యం ఉన్నా పుస్తకం చట్టవిరుద్ధం.

ఒకప్పుడు అలాగే చూసేవాళ్లు. 1868 నాటి ఇంగ్లండు తీర్పు ఒరవడి అది. దాన్ని మన సుప్రీంకోర్టు 2014లో పక్కనపెట్టింది. మొత్తం సందర్భాన్నీ, నేటి సమాజాన్నీ దృష్టిలో పెట్టుకుని చూడాలంది. సాహిత్యానికీ కళకీ చట్టంలోనే మినహాయింపు ఉంది.

‘రాధికా సాంత్వనము’ మీద నిషేధాన్ని 1947లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఎత్తేసింది. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చేశారు. నాగరత్నమ్మ పోయింది కూడా ఆ ఏడాదే. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఈ మూడు పుస్తకాలూ ఉన్నాయో లేదో ఒకసారి అడగండి. లేకపోతే తెప్పించమని కాగితం మీద రాసి ఇవ్వండి. చదివేటప్పుడు అట్ట మాత్రం వెయ్యకండి.