వేట మానిన సైనికులకు పక్షుల విడిది
పులికాట్ రోడ్డే మాటు - కావలసింది కాస్త చేయూత

శ్రీహరికోట : యుద్ధంలో కాలో చెయ్యో పోగొట్టుకున్న సిపాయి, పింఛను పుచ్చుకుని ఊరికి చేరిన ముసలి హవల్దారు రోజంతా ఏం చేయాలి? రచ్చబండ దగ్గర కూర్చోవడం, పేపరు తిరగెయ్యడం తప్ప మరో కాలక్షేపం లేదు.

అమెరికాలో ఇటువంటి వారిని వేటకు తీసుకువెళ్ళే ఏర్పాట్లున్నాయి. చక్రాల కుర్చీ పట్టేలా మాటు కట్టి ఇస్తారు. నడవలేని వారు ఆగి ఉన్న బండిలోంచే కాల్చుకునేందుకు పలు రాష్ట్రాలు ప్రత్యేక పర్మిట్లు ఇస్తున్నాయి. సాయానికి పక్కన ఒక మనిషి ఉంటాడు. జంతువు దొరికినా దొరకకపోయినా, తోటి సైనికులతో నాలుగు గంటలు ఆరుబయట గడపడమే వారికి దక్కే లాభం.

చట్టం ఒప్పదు

మన దగ్గర ఆ దారి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదట్లో కొన్ని జంతువులను లైసెన్సు మీద వేటాడనిచ్చేవారు. 1991 సవరణతో అదీ పోయింది. పంటను పాడుచేసే జంతువును చంపాలన్నా అటవీ శాఖ ఉత్తర్వు ఉండాలి. అభయారణ్యంలో వేటాడితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, 2022 సవరణ ప్రకారం పాతిక వేలకు తగ్గని జరిమానా. మాజీ సైనికుడన్న మినహాయింపు ఇందులో లేదు. ఎవరైనా "మనకు ఫరవాలేదు, రండి" అంటే నమ్మి వెళ్ళరాదు.

కదలకుండా చూడవచ్చు

అయితే వేటగాడికి కావలసిన ఓర్పు, చూపు, నిశ్శబ్దం పక్షులను చూడడానికీ కావాలి. అందుకు ఈ ప్రాంతాన్ని మించినది లేదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. చలికాలంలో ఫ్లెమింగోలు రోడ్డుకు రెండు పక్కలా మేతకు దిగుతాయి. బండి ఓరగా ఆపుకుంటే అదే మాటు. అంతరిక్ష కేంద్రం ఉన్నందున దీవిలోకి అనుమతి లేనిదే పోనివ్వరు గాని, పక్షుల కోసం అంతదూరం పోనక్కరలేదు.

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో గూడబాతులు, నత్తగుల్ల కొంగలు నీటిలోని చెట్ల మీద గూళ్ళు కడతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని అక్కడి రైతులు వాటిని తరతరాలుగా కాపాడుతున్నారు. 1976లో నేలపట్టు అభయారణ్యమయింది.

చేయవలసింది ఏమిటి?

ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. చలికాలంలో నెలకు ఒక రోజు వ్యాను ఏర్పాటు చేసి, బైనాక్యులర్లు నాలుగు సమకూరిస్తే చాలు. కావలి గోపురం మెట్లు ఎక్కలేని వారికి గట్టు మీదనే నీడ, బల్ల, చక్రాల కుర్చీ నడిచే బాట ఉండాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, అటవీ శాఖ కలిసి పూనుకుంటే అయ్యే పనే. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగలో వీరికి ఒక పూట ప్రత్యేకంగా కేటాయించవచ్చు. దారి చూపేందుకు, అడవిని నమ్ముకుని బతికిన ఇక్కడి యానాదులకన్న తగినవారు లేరు. వారికీ నాలుగు రూకలు దక్కుతాయి.

తుపాకి మీద మనసు చావని వారికి గురి పోటీలున్నాయి. వికలాంగుల ఒలింపిక్స్‌లో 1976 నుంచి షూటింగ్ ఉంది. 1965 యుద్ధంలో గాయపడిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్ పోటీలలో ఈతలో బంగారు పతకం గెలిచారు. ఒంటికి తగిలిన దెబ్బ ఆయన పట్టుదలను తగ్గించలేదు.

దేశానికి కాపలా కాసిన వారిని ఇంటి అరుగుకే పరిమితం చేయడం తగదు. మీ ఊళ్ళోనూ అటువంటి పెద్దాయన ఉంటే, ఈ చలికాలంలో ఒక ఉదయం పులికాట్ దాకా తోడు వెళ్ళండి.