పన్ను లెక్క ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి

జనవరి నుంచి మార్చి దాకా బీమా ఏజెంట్లకు ఊపిరి సలపదు. పెట్టుబడుల రుజువులు ఇమ్మని ఆఫీసు అడగగానే ఉద్యోగి చేతికందిన పాలసీ మీద సంతకం పెడతాడు. ఆ ఏడాదికి పన్ను గండం గడిచిందనుకుంటాడు గానీ, ప్రీమియం మాత్రం పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో కట్టాలి. పాత పన్ను విధానం నేర్పిన అలవాటిది. 80సి కింద లక్షన్నర, ఆరోగ్య బీమాకు 25 వేలు, ఇంటి రుణం వడ్డీకి 2 లక్షలు అంటూ ప్రతి మినహాయింపుకూ ఏదో ఒకటి కొనడమో కట్టడమో తప్పేది కాదు. 2023-24 నుంచి కొత్త విధానమే అందరికీ వర్తిస్తోంది. పాతది కావాలంటే మనమే కోరుకోవాలి. కొత్త దాంట్లో ఈ మూడు మినహాయింపులూ చాలామందికి లేవు, రేట్లు మాత్రం బాగా తగ్గాయి. కాబట్టి ఇప్పుడు పన్ను తగ్గేది పాలసీలు కొంటే కాదు, సరైన విధానం ఎంచుకుని ఏడాది పొడవునా లెక్కలు రాసుకుంటేనే అని నా వాదన.

ఏడాదికి 15 లక్షల జీతం వచ్చే ఉద్యోగినే తీసుకుందాం. 2025-26 రేట్ల ప్రకారం కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలే 14.25 లక్షల మీద సెస్సుతో కలిపి పన్ను 97,500 రూపాయలు. అదే వ్యక్తి పాత విధానంలో ఉండి, 80సి పూర్తిగా వాడుకుని, ఆరోగ్య బీమా కూడా చూపిస్తే కట్టాల్సింది 2,02,800. రెండూ సమానం కావాలంటే స్టాండర్డ్ డిడక్షన్ కాక మరో 5.44 లక్షల దాకా మినహాయింపులు చూపాలి. ఇంటి రుణం వడ్డీ 2 లక్షలు కలిపినా లక్షా అరవై తొమ్మిది వేలు తక్కువే పడతాయి. హైదరాబాద్ లాంటి నగరంలో పెద్ద అద్దె కడుతూ, సొంత ఊళ్లో ఇంటి రుణం కూడా తీరుస్తున్నవారికి పాత విధానం ఇప్పటికీ కలిసిరావచ్చు. తక్కినవారిలో ఎక్కువమందికి మార్చిలో కొన్న పాలసీ వల్ల ఒక్క రూపాయి పన్ను కూడా తగ్గదు.

మినహాయింపుల ఆశ లేకపోతే జనం అసలు పొదుపే చేయరని కొందరు అంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. పన్ను భయంతోనే చాలా ఇళ్లలో పీపీఎఫ్ ఖాతాలు, ఆడపిల్లల పేర సుకన్య సమృద్ధి ఖాతాలు తెరుచుకున్నాయి. అయితే కట్టిన సొమ్ముకు మినహాయింపు పోయినా, ఈ రెండింటిలో వచ్చే వడ్డీ మీద కొత్త విధానంలోనూ పన్ను లేదు. యజమాని ఎన్‌పీఎస్‌లో జమచేసే వాటా మూల వేతనంలో 14 శాతం దాకా కొత్త విధానంలోనూ మినహాయింపే. జీతం ఖరారు చేసుకునేటప్పుడే ఈ వాటా గురించి అడగాలి, అడిగేవారు తక్కువ. పొదుపు పిల్లల చదువు కోసం, వృద్ధాప్యం కోసం చేసుకోవాలి. పన్ను కోసమే చేసే పొదుపు తరచూ తక్కువ రాబడి ఇచ్చే చోటికే పోతోంది.

చిన్న వ్యాపారి విషయంలో ఈ వాదనకు ఇంకా బలం ఉంది. టర్నోవర్ 2 కోట్లు మించని దుకాణదారు పద్దు పుస్తకాల ఆడిట్ జోలికి పోకుండా, అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపి పన్ను కట్టే వీలును 44ఏడీ సెక్షన్ ఇచ్చింది. నగదు అమ్మకాల మీద కనీసం 8 శాతం, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చిన సొమ్ము మీద 6 శాతం చూపాలి. నగదు వసూళ్లు 5 శాతం దాటకపోతే 3 కోట్ల టర్నోవర్ దాకా ఈ సౌకర్యం ఉంది. 2 కోట్ల అమ్మకాలూ నగదులోనే జరిగిన కొట్టులో లాభం 16 లక్షలని లెక్క, పన్ను 1,24,800. అన్నీ ఖాతాలో పడితే లాభం 12 లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కనుక పన్ను సున్నా. అసలు లాభం అంతకన్నా ఎక్కువుంటే ఉన్నదే చూపాలి, అది వేరే సంగతి. 12 లక్షలు దాటితే మొత్తం పన్ను మీద పడుతుందన్న భయమూ అక్కర్లేదు, 12.10 లక్షల ఆదాయానికి సెస్సు కాక పదివేలకు మించి పన్ను పడకుండా చట్టమే ఊరటనిస్తోంది. క్యూఆర్ కోడ్ పెడితే లెక్కలన్నీ ప్రభుత్వానికి తెలిసిపోతాయని జంకే వ్యాపారులు ఈ అంకెలు ఒకసారి చూడాలి. జీఎస్టీ లెక్క వేరు, నిజమే. కానీ ఆదాయపన్ను వరకు అమ్మకాలు దాచినందువల్ల ఇంత చిన్న వ్యాపారికి ఒరిగేది చాలా తక్కువ. పోయేది మాత్రం పెద్దదే: రుణానికి వెళ్తే బ్యాంకు ముందుగా అడిగేది రెండు మూడేళ్ల రిటర్నులు.

కట్టని అద్దెకు రసీదులు, ఇవ్వని విరాళాలకు మినహాయింపులు చూపి రీఫండ్ ఇప్పిస్తామనే మధ్యవర్తులు ప్రతి పట్టణంలో ఉన్నారు. అందరూ చేస్తున్నదేగా అనే సమర్థనా వినిపిస్తుంది. చట్టం లోపల పన్ను తగ్గించుకోవడం తప్పు కాదని, మోసపు ఎత్తుగడలు మాత్రం పన్ను ప్రణాళిక కిందికి రావని సుప్రీంకోర్టు 1985లోనే మెక్‌డొవెల్ కేసులో తేల్చింది. ఆంధ్రప్రదేశ్ అమ్మకం పన్ను మీద నడిచిన వివాదమది. తీర్పు చెప్పిన ధర్మాసనంలో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి కూడా ఉన్నారు. ఆదాయాన్ని తప్పుగా చూపితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా పడుతుంది. మధ్యవర్తి తన కమిషన్ తాను తీసుకుని పోతాడు, నోటీసు వచ్చేది రిటర్ను వేసినవారి పేరు మీదే.

విధానం ఎంచుకునే ముందు ఒక్క తేడా గుర్తుంచుకోండి. జీతం మాత్రమే ఉన్నవారు ఏటా పాతది, కొత్తది మార్చుకోవచ్చు. ఆఫీసులో ఒకటి చెప్పి, గడువులోగా వేసే రిటర్నులో మరొకటి ఎంచుకున్నా చెల్లుతుంది. వ్యాపార ఆదాయం ఉన్నవారు పాత విధానానికి వెళ్లి తిరిగి కొత్తదానికి వచ్చాక, వ్యాపారం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి వెళ్లలేరు. ఒకసారి 44ఏడీలో చేరి మధ్యలో వదిలేస్తే ఐదేళ్ల దాకా అందులోకి తిరిగి రానివ్వరు. కాబట్టి వ్యాపారులు సంతకం పెట్టేముందు రెండు విధానాల లెక్కలూ కాగితం మీద వేయించుకుని చూడాలి.