పాత కారు వెలలో పూచీ పాలు ఎంత?

సంతలో ఎద్దును బేరమాడు రైతు ముందుగా దాని నోరు తెరిపించి పళ్ళు చూచును. పిమ్మట సుడులు వెదకి, నాలుగడుగులు నడిపించును. ఇంగ్లండులో పాత స్పోర్ట్స్ కారు కొనువానికి ఇట్టి సులభోపాయము లేదు. 1961లో జెనీవా ప్రదర్శనలో వెలువడిన జాగ్వార్ ఇ-టైప్ సంగతియే చూడుడు. నాడు స్వదేశమున దాని వెల 2,000 పౌండ్లకు కొంచెము పైమాట. నేడు తొలితరపు మంచి బండి పదుల వేల పౌండ్లు పలుకుచున్నది. అట్టిదానిని వర్తకుడు 50,000కు కొని 68,000కు అమ్మెనని విన్నవారు, "అబ్బ, ఎంత దోపిడి!" అనుట సహజము.

ఉదాహరణకు వేసుకొన్న ఈ అంకెలనే కొంత విప్పి చూతము. పాత సరుకుల వర్తకులకు బ్రిటనులో మార్జిన్ స్కీము అను పన్ను పద్ధతి కలదు. కొన్న వెలకును అమ్మిన వెలకును గల తేడాలో ఆరవవంతు సర్కారుకు చెల్లవలెను. మరమ్మతుకైన వెచ్చమును ఆ తేడానుండి తగ్గించి చూపుటకు వీలులేదు. కావున 18,000లో 3,000 తొలుతనే పోయెను. బ్రేకులకు, కార్బురేటర్లకు, టైర్లకు 6,000 అయినదనుకొందము. ఎనిమిది నెలలు కొట్టములో నిలిచిన బండికి వడ్డీ, బీమా, అద్దె కలిసి మరి 3,000. మిగిలినది 6,000. ఇంజను ఒక్కమారు విప్పవలసి వచ్చినచో అదియు మిగులదు.

విప్పవలసిన అవసరము అమ్మిన పిదప కూడ రావచ్చును. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టము ప్రకారము, వర్తకుడమ్మిన వస్తువు తగిన నాణ్యము లేనిదైనచో 30 దినములలోగా తిరిగి ఇచ్చివేయవచ్చును. ఆరు నెలలలోగా బయటపడిన దోషమునకు మరమ్మతు కోరినపుడు, అది అమ్మకమునాడే ఉన్నట్లు భావింతురు. కాదని నిరూపించు భారము వర్తకునిదే. అరువదియేండ్ల బండికి కొత్తబండి నడకను చట్టము కోరదనుట నిజమే. కాని ఇ-టైప్ తలుపుల క్రింది బోలు కమ్ములు లోపలనుండి తుప్పు పట్టును. పైన పుట్టీ పూసి రంగు వేసినచో వర్తకుని కన్ను కూడ మోసపోవచ్చును. ఇద్దరు గృహస్థుల నడుమ బేరములో కొన్నవానికి ఈ రక్షణ లేదు. చెప్పినది చెప్పినట్లుండిన చాలును.

తుప్పు కంటె చిక్కైనది బండి గుర్తింపు. 1929లోను 1930లోను లెమాన్ పందెము గెలిచిన "ఓల్డ్ నంబర్ వన్" అను బెంట్లీని 1990లో ఒక సంస్థ కోటి పౌండ్లకు కొన నొప్పుకొని, అది అసలు బండి కాదని వెనుదీసెను. వ్యాజ్యము లండను హైకోర్టు కెక్కినది. అంగములు పెక్కు మారినను బండి చరిత్ర తెగలేదనియు, ఆ పేరు దానికి చెల్లుననియు న్యాయమూర్తి తీర్పు చెప్పెను. అమ్మినవాడే గెలిచెను, కాని అంతటి బేరము న్యాయస్థానమున వ్రేలాడినన్నాళ్ళు వాని నిద్ర ఎట్టిదో ఊహింపవచ్చును!

ఇక ధర. 1988లో ఎంజో ఫెరారీ మరణించిన తరువాత ఆయన కార్ల వెలలు ఆకాశమంటినవి. 36 మాత్రమే తయారైన 250 జి.టి.ఓ. 1990 ప్రాంతమున కోటి డాలర్లు దాటి, కొద్ది సంవత్సరములలోనే అందు మూడవవంతుకు దిగెను. 2018లో ఒకటి 4.84 కోట్ల డాలర్లకు వేలమున పోయినది. కాని అప్పుచేసి బండ్లను నిలువ చేసినవానికి ఇరువదియెనిమిదేండ్లు ఆగు ఓపిక ఎక్కడిది?

ఇట్టి పూచీలన్నియు మోయువాడు వెల పెంచినచో నేను తప్పుపట్టను. అనుమానింపవలసినది మోయకనే పెంచువానిని. పరుల కారును తన అంగడిలో నిలిపి, కమీషను మీద అమ్మిపెట్టు పద్ధతి ఒకటి కలదు. అందు వర్తకుని పెట్టుబడి లేదు. అవే దీపములు, అదే తివాచీ, అదే చిరునవ్వు; అమ్మకపు పత్రముమీద మాత్రము యజమాని పేరుండును. ఆ యజమాని సామాన్య గృహస్థుడైనచో, అంగడిలో కొన్న బండియైనను చట్టము దృష్టిలో పొరుగింట కొన్నట్లే. బయానా ఇచ్చుటకు ముందే ఆ పత్రము నడిగి, అమ్మువాని పేరున్న పంక్తిని చదువవలెను.