క్రిప్టో: హలాలా, హరామా అని అడిగే ముందు...

జుమా నమాజు ముగిసి జనం మసీదు మెట్లు దిగే వేళ, ఈ మధ్య యువకుల నోట తరచూ వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "హజరత్, క్రిప్టోలో డబ్బు పెట్టవచ్చా? అది హలాలా, హరామా?" తిరుపతిలోనూ అడుగుతున్నారు, చిత్తూరులోనూ అడుగుతున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే కుర్రవాళ్లు అడుగుతున్నారు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన కుటుంబ పెద్దలూ అడుగుతున్నారు.

ప్రశ్న మంచిదే. సంపాదన ధర్మసమ్మతమా కాదా అని ఆరా తీయడం విశ్వాసి లక్షణం. అయితే దానికి ముందు అడగవలసిన ప్రశ్నలు మరికొన్ని ఉన్నాయి. ఈ డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? లాభం ఎక్కడి నుంచి వస్తుంది? నష్టం వస్తే అది ఎవరిది? ఈ మూడూ అడగకుండా ఒక్క 'హలాల్' అనే మాట విని ఇచ్చేసినందుకు మన ప్రాంతం ఒకసారి భారీ మూల్యం చెల్లించింది.

అసలు ఇది ఏమిటి?

క్రిప్టో నాణేలలో మొదటిది బిట్‌కాయిన్. సతోషి నకమోటో అనే పేరుతో 2008లో ఒక వ్యాసం వెలువడింది. దాని ఆధారంగా 2009 జనవరిలో ఈ నాణెం పుట్టింది. ఆ పేరు వెనుక ఉన్న మనిషి ఎవరో నేటికీ లోకానికి తెలియదు. పేరుకు నాణెమే గానీ చేతికి తగిలే వస్తువు కాదు. ఎవరి వద్ద ఎంత ఉందో రాసి ఉంచే పెద్ద ఖాతా పుస్తకం వంటిది. ఆ పుస్తకానికి ప్రపంచవ్యాప్తంగా వేలాది కంప్యూటర్లలో నకళ్లు ఉంటాయి కాబట్టి ఒకరు చాటుగా దిద్దలేరు. మొత్తం మీద 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి తయారు కావు.

ఇది తెలివైన ఏర్పాటు, సందేహం లేదు. కానీ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. పొలం కొంటే పంట వస్తుంది. ఇల్లు కొంటే అద్దె వస్తుంది. అంగడిలో వాటా పెడితే అమ్మకాల మీద లాభం వస్తుంది. బిట్‌కాయిన్‌కు పంటా లేదు, అద్దె లేదు, అమ్మకమూ లేదు. మనం కొన్న ధర కంటే ఎక్కువ ఇచ్చి కొనేవాడు రేపు దొరికితేనే లాభం. దొరకకపోతే లేదు.

ధర ఎలా ఊగుతుందో చూడండి. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ దాదాపు 69,000 డాలర్లు, అనగా మన లెక్కలో సుమారు 51 లక్షల రూపాయలు పలికింది. సరిగ్గా ఏడాదికి, 2022 నవంబరులో, అది 16,000 డాలర్లకు, సుమారు 13 లక్షల రూపాయలకు పడిపోయింది. తిరిగి 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది. 2025 అక్టోబరులో లక్షా ఇరవై వేలు దాటి, నెలన్నర తిరగకముందే తొంభై వేల లోపుకు దిగింది. ఓపికగా ఉంచుకున్నవారు లాభపడ్డారన్నది నిజం. పైన ఉన్నప్పుడు కొని, ఇంటి అవసరానికి కింద అమ్ముకున్నవారు మునిగారన్నదీ అంతే నిజం.

మదనపల్లె టమోటా రైతుకు ధరల ఊగిసలాట కొత్త కాదు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిన టమోటాను, సెప్టెంబరు వచ్చేసరికి రాయలసీమ రైతులు కోత కూలి కూడా గిట్టక పారబోసుకున్నారు. అయితే టమోటా ధర ఎంత పడిపోయినా కూరకు పనికి వస్తుంది. 2022 మే నెలలో లూనా అనే క్రిప్టో నాణెం దాదాపు 80 డాలర్ల నుంచి వారం రోజుల్లో సున్నాకు చేరింది. దానితో కూర కూడా కాదు.

సొమ్ము ఎవరి చేతిలో?

మామూలు మనిషి క్రిప్టో కొనేది ఎక్స్ఛేంజీ అనే సంస్థ ద్వారా. మన నాణేలు చాలావరకు ఆ సంస్థ వద్దనే ఉంటాయి. ఎఫ్‌టీఎక్స్ అనే ప్రపంచ ప్రఖ్యాత ఎక్స్ఛేంజీ 2022 నవంబరులో దివాలా తీసింది. ఖాతాదారుల సొమ్మును దారి మళ్లించిన నేరానికి దాని అధిపతికి 2024 మార్చిలో అమెరికా కోర్టు 25 ఏళ్ల జైలు శిక్ష విధించింది. మన దేశంలో వజీర్ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి 2024 జూలైలో దొంగలు 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన నాణేలు కాజేశారు. అందులో డబ్బు పెట్టినవారు తమ నాణేలను వెనక్కు తీసుకునే వీలు లేక ఏడాదికి పైగా ఎదురుచూశారు.

బ్యాంకు మునిగితే ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంది. ఎక్స్ఛేంజీకి అటువంటి రక్షణ లేదు.

మన దేశంలో క్రిప్టో కొనడం నేరం కాదు. రిజర్వు బ్యాంకు 2018లో విధించిన ఆంక్షను 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయినా ఇది చట్టం గుర్తించిన నగదు కాదు. పన్ను మాత్రం గట్టిగానే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను. ఒక నాణెం మీద వచ్చిన నష్టాన్ని మరొక నాణెం లాభంలోంచి తీసివేయడానికి వీల్లేదు. ఉదాహరణకు ఒకదానిలో 50,000 లాభం, మరొకదానిలో 60,000 నష్టం వచ్చిందనుకుందాం. మొత్తం మీద చేతి నుంచి 10,000 పోయింది. అయినా లాభం వచ్చిన 50,000 మీద 15,000 రూపాయలు, ఆపైన సెస్సు కట్టవలసిందే. ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు.

ఉలమాలు ఏమంటున్నారు?

ఈ విషయంలో ధర్మపండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ 2018 జనవరిలో బిట్‌కాయిన్ వ్యాపారం తగదని ఫత్వా ఇచ్చారు. ఇండొనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో క్రిప్టోను నగదుగా వాడటం హరామని ప్రకటించింది. మలేషియాలో సెక్యూరిటీస్ కమిషన్‌కు చెందిన షరియా సలహా మండలి మాత్రం 2020లో షరతులతో వ్యాపారాన్ని అనుమతించింది.

కాదన్నవారి వాదనకు మూలం 'గరర్', అంటే బేరంలోని అస్పష్టత. మన చిత్తూరు మామిడి తోటల వారికి దీన్ని వివరించనక్కర లేదు. చెట్టు పూత మీద ఉండగానే తోటను గుత్తకు ఇచ్చేయడం మనవద్ద ఉన్నదే. కాయ నిలుస్తుందో, గాలివానకు రాలుతుందో ఎవరికీ తెలియదు. చివరకు ఇద్దరిలో ఒకరు ఏడవవలసిందే. పండు పక్వానికి రాకముందే అమ్మడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించిన కారణం ఇదే. క్రిప్టోలో పూత కూడా కంటికి కనబడదన్నది వారి మాట. అవునన్నవారు, నలుగురూ విలువనిచ్చి మార్చుకునేది ఏదైనా సొత్తేనంటారు.

ఈ చర్చను పండితులకు వదిలేద్దాం. ఎవరు ఏ ఫత్వాను అనుసరించినా, అనుమతి ఉన్నదల్లా మన ఇంటికి క్షేమం కాదని గుర్తించాలి. సముద్ర ప్రయాణం హలాలే. చిల్లు పడిన పడవ ఎక్కమని ఎవరూ చెప్పరు.

తిరుపతి నేర్పిన పాఠం

హీరా గోల్డ్ పేరు మన ప్రాంతంలో తెలియని ముస్లిం కుటుంబం ఉండదు. తిరుపతిలో బాలికల మదరసాతో పేరు తెచ్చుకున్న నౌహీరా షేక్ ఆ సంస్థల అధిపతి. వడ్డీ లేని హలాల్ వ్యాపారమని, బంగారంలోనూ ఇతర వ్యాపారాలలోనూ పెట్టుబడి పెట్టి ఏడాదికి 36 శాతం దాకా లాభం పంచుతామని చెప్పి డబ్బు సేకరించారు. బ్యాంకు వడ్డీకి దూరంగా ఉండాలనుకున్నవారు, ఒంటరి స్త్రీలు, గల్ఫ్‌లో చెమటోడ్చినవారు ఎందరో నమ్మి ఇచ్చారు. 2018లో చెల్లింపులు ఆగాయి. ఆ ఏడాది అక్టోబరులో హైదరాబాదు పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. సేకరించిన మొత్తం సుమారు 5,600 కోట్ల రూపాయలని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ లెక్క. సంస్థ ఆరోపణలను తోసిపుచ్చింది. మదుపుదారుల బాకీలు తీర్చాలన్న షరతుతో 2021 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. తప్పొప్పులు తేల్చవలసింది న్యాయస్థానమే. ఇచ్చిన సొమ్ము కోసం ఏళ్ల తరబడి తిరిగినవారి గోడు మాత్రం మన కళ్లెదుటిదే.

ఆ గాయం మానకముందే 2019 జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ కూలింది. అక్కడా హలాల్ లాభమన్న మాటే. అధిపతి దుబాయికి వెళ్లిపోయి, జూలైలో తిరిగివస్తూ ఢిల్లీలో అరెస్టయ్యాడు. ఇది ముస్లింలకే పరిమితమైన బలహీనత కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో సుమారు 32 లక్షల ఖాతాలు చిక్కుకున్నాయి. మనవద్ద తేడా ఏమిటంటే, మనల్ని మన దీన్ పేరు చెప్పి నమ్మించడం సులువు.

లాభం పేరుతో వడ్డీ

ఇక్కడ ఫిఖ్ చదివినవారు స్పష్టంగా చెప్పవలసిన మాట ఒకటుంది. ముదారబా అనే భాగస్వామ్యంలో ఒకరిది పెట్టుబడి, మరొకరిది శ్రమ. లాభం వస్తే సగమనో, మూడో వంతనో ముందే ఒప్పుకున్న పాళ్లలో పంచుకుంటారు. నష్టం వస్తే, పనివాడి నిర్లక్ష్యం లేనంతవరకు, పెట్టుబడి పెట్టినవాడే భరిస్తాడు. "లక్షకు నెలనెలా మూడు వేలు ఖాయం, అసలు భద్రం" అనే ఒప్పందం ముదారబా కానే కాదు. దానికి 'నఫా' అని పేరు పెట్టినా అది వడ్డీయే. వడ్డీకి భయపడి బ్యాంకు గుమ్మం తొక్కనివారు, అంతకు అయిదారు రెట్ల వడ్డీని హలాల్ అనుకుని తీసుకోవడం ఎంత విచారకరం!

క్రిప్టో పేరుతో జరిగిన మోసాలదీ ఇదే దారి. గెయిన్ బిట్‌కాయిన్ అనే పథకం నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామంది. దాని సూత్రధారి 2018లో అరెస్టయ్యాడు. కేరళలో మలప్పురం కేంద్రంగా మోరిస్ కాయిన్ పేరుతో సేకరించినది సుమారు 1,200 కోట్లని దర్యాప్తు సంస్థల అంచనా. ధర రోజూ ఊగే వస్తువు మీద నెలనెలా ఖాయమైన లాభం ఎలా వస్తుంది? రాదు. కొత్తగా చేరినవాడి డబ్బే పాతవాడికి లాభంగా అందుతుంది. కొత్తవాళ్లు ఆగిన రోజు పథకమూ ఆగుతుంది.

ఇటువంటి పథకాలు మన ఇంటికి అపరిచితుడి ద్వారా రావు. మేనమామ కొడుకో, మసీదులో పక్క సఫ్‌లో నిలబడే మిత్రుడో తెస్తాడు. అతనికి మొదటి మూడు నెలలు డబ్బు వచ్చే ఉంటుంది. అతని నిజాయితీని శంకించనక్కర లేదు. కానీ అతని నిజాయితీ ఆ పథకానికి హామీ కాదు.

మరి ఏం చేయాలి?

సామాన్య కుటుంబం తన పొదుపును క్రిప్టోలో పెట్టకూడదన్నదే ఈ వ్యాసం చెప్పదలచిన మాట. కూతురి పెళ్లికి కూడబెట్టినది, హజ్ యాత్రకు దాచినది, అనాథ పిల్లల తరఫున చేతిలో ఉన్నది అమానత్ వంటివి. వాటితో పందెం కాయరాదు. చీటీ ఎత్తి, నగలు కుదువపెట్టి, చేబదులు తెచ్చి క్రిప్టో కొనడం మరీ ప్రమాదం.

పోయినా పొయ్యి ఆరిపోని కొద్దిపాటి సొమ్ముతో, తమ ఉలమాల అనుమతి తీసుకుని కొనేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ప్రభుత్వ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ వద్ద నమోదైన ఎక్స్ఛేంజీలోనే, సొంత పేరు మీదే కొనాలి. మధ్యవర్తికి నగదు ఇవ్వకూడదు. ఉన్న సంగతి భార్యాబిడ్డలకు తెలియజేసి, వివరాలు రాసి భద్రపరచాలి. రహస్య సంకేతపదం తనతోనే పోతే ఆ సొత్తూ పోతుంది, వారసులకు పంచడానికి మీరాస్ ఏమీ మిగలదు. వ్యాపారానికి ఉంచుకున్న సొత్తుగా దాని మీద జకాత్ లెక్క కూడా చూసుకోవాలి. మోసం జరిగిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సిగ్గుపడి దాచుకుంటే దొంగకే లాభం.

వడ్డీ వద్దనుకునేవారికి దారులు లేకపోలేదు. అసలు బంగారం ఉంది, ఇంటి స్థలం ఉంది. కళ్లెదుట నడిచే అంగడిలో రాతపూర్వక భాగస్వామ్యం ఉంది. టాటా ఎథికల్ ఫండ్, టారస్ ఎథికల్ ఫండ్ వంటివి షరియా ప్రమాణాలతో వడపోసిన కంపెనీల వాటాలలో మదుపు చేస్తాయి. వాటి విలువా పడవచ్చు, లేవవచ్చు. కాకపోతే వాటి వెనుక కర్మాగారమో, వ్యాపారమో ఉంటుంది, లెక్క చూపవలసిన చట్టం ఉంటుంది.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు అప్పు లావాదేవీని కాగితం మీద పెట్టడం గురించి, సాక్షులను ఉంచుకోవడం గురించి అవతరించింది. నమ్మకమే చాలనుకుంటే ఆ ఆదేశం ఎందుకు? రేపు మీ ఇంటికి ఎవరైనా ఖాయమైన లాభంతో వస్తే కోపగించుకోకండి, చాయ్ ఇవ్వండి. తర్వాత ఒక్కటి అడగండి: "భాయీ, నష్టం వస్తే ఎవరిది?" నష్టమే రాదని అతనంటే, సలాం చెప్పి సాగనంపండి.