అన్నం పెట్టడం, పెట్టమని పురికొల్పడం

దివ్యఖుర్ఆన్‌లోని ‘మాఊన్’ సూరా తీర్పుదినాన్ని తిరస్కరించేవాని లక్షణాలను మన ముందుంచుతుంది. అతడు అనాథను గెంటివేస్తాడు. అగత్యపరునికి అన్నం పెట్టమని ప్రోత్సహించడు. ఇక్కడ తప్పుపట్టినది అన్నం పెట్టమని పురికొల్పకపోవడాన్ని! ‘హాఖ్ఖా’, ‘ఫజ్ర్’ సూరాలలోనూ ఇదే హెచ్చరిక ఉంది. అంటే దానమివ్వడానికి చేతిలో ఏమీ లేనివారికి కూడా ఈ బాధ్యత నుండి మినహాయింపు లేదు. ఆకలిగొన్నవారి తరఫున నోరు విప్పడం కూడా ఆరాధనలో భాగమే.

ఈ బాధ్యతను ఒక పౌరహక్కుల సంస్థ మన దేశంలో ఎలా నెరవేర్చిందో చూద్దాం.

పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ (పి.యు.సి.ఎల్.) 1976లో, అత్యవసర పరిస్థితి కాలంలో, జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడింది. ఇది లాభాపేక్ష లేని సంస్థ. 2001లో రాజస్థాన్‌ను వరుసగా మూడో ఏడాది కరవు పీడించింది. పల్లెల్లో ప్రజలు పస్తులుంటే, ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం నిల్వలు పేరుకుపోయాయి. దేశం మొత్తం మీద ఆ నిల్వలు సుమారు 5 కోట్ల టన్నులు. ఆ ఏడాది ఏప్రిల్‌లో సంస్థ సుప్రీంకోర్టును ఆశ్రయించింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం జీవించే హక్కును ఇచ్చింది. అన్నం లేనిదే జీవితం ఎక్కడిది? ఇదీ వారి వాదన.

2001 నవంబరు 28న కోర్టు చారిత్రకమైన మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఎనిమిది ప్రభుత్వ పథకాల ప్రయోజనాలు ఆనాటి నుండి ప్రజల హక్కులయ్యాయి. అంతకుముందు చాలా రాష్ట్రాలు బడిపిల్లలకు నెలకు 3 కిలోల గింజలు ఇచ్చి ఊరుకునేవి. ఇకపై ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఏడాదికి కనీసం 200 రోజులు, కనీసం 300 కేలరీల శక్తినిచ్చే వండిన భోజనం పెట్టాలని కోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఇది అమలులోకి వచ్చింది.

ఉత్తర్వుల అమలును పర్యవేక్షించడానికి 2002లో కోర్టు నియమించిన ఇద్దరు కమిషనర్లలో ఒకరు ఎస్.ఆర్. శంకరన్. వెట్టిచాకిరీ నిర్మూలనకు పాటుపడిన ఈ ఐ.ఏ.ఎస్. అధికారిని తెలుగువారు నేటికీ గౌరవంతో స్మరిస్తారు. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం రావడానికి ఈ వ్యాజ్యమే బాట వేసింది.

ముస్లిమేతరులు నడిపే సంస్థలతో మనకేమిటని కొందరు అనుకోవచ్చు. దైవప్రవక్త (సఅసం) దైవదౌత్యానికి పూర్వం ‘హిల్ఫుల్ ఫుజూల్’ ఒప్పందంలో పాల్గొన్నారు. మక్కాలో ఒక యమన్ వర్తకుని సొమ్ము కాజేసినప్పుడు, పీడితుడెవరైనా అండగా నిలుస్తామని కొందరు పెద్దలు చేసిన ప్రతిజ్ఞ అది. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా, అలాంటి ఒప్పందానికి పిలిస్తే తాను వెళతానని ఆయన సెలవిచ్చారు.

మరి మనం చేయగలిగిందేమిటి? మన వీధి బడిలో భోజనం సక్రమంగా పెడుతున్నారా? అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం అందుతోందా? రేషన్ బియ్యం తూకం సరిగా ఉందా? ఈ ప్రశ్నలు అడగడానికి చట్టం మనకు అధికారమిచ్చింది. ఫిర్యాదులు స్వీకరించడానికి జిల్లాకో అధికారి ఉండాలని కూడా ఆ చట్టమే నిర్దేశిస్తోంది. చదవడం, రాయడం వచ్చినవారు పొరుగింటి వితంతువు తరఫున ఒక అర్జీ రాసిపెట్టినా చాలు. ఆ పొరుగువారు ఏ మతస్థులైనా సరే.

జకాత్, సదఖాలు మన సొమ్ములో పేదల వాటాను వారికి చేరుస్తాయి. వారికి రావలసిన హక్కును వారికి ఇప్పించడం కూడా మన బాధ్యతే. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.