మిట్టకు అవతలివైపు

మోటారు మిట్టనెక్కునపుడు ఎదుటి బాట కొంతమేర కంటికి గానరాదు. ఆవల నిలిచిన యెడ్లబండి యున్నదో, బడినుండి వచ్చు బిడ్డలున్నారో తెలియదు. కానవలసిన మేర యెంతయను లెక్కయొకటి బాటలు వేయు ఇంజనీర్లకు గలదు. అది స్త్రీలకేల యని కొందఱందురు గాక. ఆ బండిలో బిడ్డల నొడిలో నుంచుకొని కూర్చుండువారము మనమే కదా!

గంటకు 100 కిలోమీటర్ల వేగమున బోవు చోదకుడు, అడ్డమును జూచి, గ్రహించి, బ్రేకుపై కాలు మోపుటకు రెండున్నర సెకండ్లు పట్టునని మన దేశపు లెక్క. ఆలోపలనే బండి 70 మీటర్లు సాగిపోవును. పిమ్మట నాగుటకు మఱి 110. వెరసి 180 మీటర్లు. 1934లో నేర్పడిన భారత రహదారుల కాంగ్రెసు నియమములలో నున్నది ఈ దూరమే. చోదకుని కన్ను నేలకు 120 సెంటీమీటర్ల యెత్తున నున్నదనియు, అడ్డుపడినది 15 సెంటీమీటర్లదనియు, అనగా జానెడైనను లేనిదనియు నెంచి, అదియు గానవచ్చునట్లు మిట్టను దీర్పవలెను.

అందులకై మిట్టకొనను గూనివలె విడువక, పరావలయమను వంపుగా సాగదీయుదురు. గోడమీదుగా పిల్లవాడు విసరిన బంతి గాలిలో గీయు వంపే యది. ముప్పదింటికొకటి చొప్పున నెక్కి, అట్లే దిగు మిట్టకు, 50 కిలోమీటర్ల వేగమైనచో 54 మీటర్ల వంపు చాలును. వేగము 100 అయినచో 490 కావలెను. వేగము రెట్టింపైన వంపు తొమ్మిది రెట్లు! మావారును మేమును పలకపై రెండు మారులు వేసి చూచితిమి; లెక్క తప్పలేదు.

పల్లమునందు పగలు చిక్కు లేదు. రాత్రి మాత్రము దీపపు వెలుగు ఎదుటి యెక్కుడుపై దగ్గఱనే పడి యాగును గనుక, అచ్చటి వంపును వెలుగును బట్టి పొడిగింతురు.

ఇక ముందఱి బండిని దాటుట. ఎదురుగా వచ్చు లారీ నిలిచియుండదు. అదియు మనవైపునకే పరుగెత్తును. కావున 100 వేగమున దాటుటకు 640 మీటర్ల చూపు కావలెను. ప్రతి మిట్టకు నంత చూపు కల్పింప కొండలనే త్రవ్వవలసివచ్చును. అందుచే చూపు చాలనిచోట బాటనడుమ తెగని గీత గీయుదురు. దాటరాదని దాని యర్థము. చోదకుడు ఆ గీతను లెక్కసేయనపుడు వెనుకనున్న ఆడువారు మాటాడుట మర్యాదగాదని యూరకుందురు. ఇదెక్కడి మర్యాద? "నాయనా, మిట్ట దిగినదాక వెనుకనే పోనిమ్ము" అనిన నెవరి పరువును పోదు.

కోతలదినములలో బాటపై వడ్లు, మొక్కజొన్నలు ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్చు అలవాటు మన పల్లెలలో గలదు. రాత్రులందు రాశిపై నల్లని బరకము కప్పి విడుతురు. కల్లములు కఱవైన వారిని మేము నిందింపజాలము; కాని మిట్ట కావలి దిగుడున మాత్రము పోయరాదు. పిల్లలను బాట దాటించునపుడును ఇంతే. చదునుననైనను దాటింపవచ్చును, ఇరుదిక్కులు గానవచ్చును గనుక మిట్ట నడినెత్తిననైనను దాటింపవచ్చును. దానికి కొంచెము దిగువనున్న చోటే బండివానికి గానరానిది.