కుక్కకు తిండి మార్చునప్పుడు

అమలాపురము ప్రాంతమున ఇంటికుక్కకు వాడుకగా దొరకు తిండి మిగిలిన అన్నము, మజ్జిగ, అప్పుడప్పుడొక చేపముక్క. నేడు అంగళ్లలో సంచులకెత్తిన గుళికల తిండియు దొరకుచున్నది. బలమునకు మంచిదని విని, నిన్నటివరకు అన్నము తిన్న కుక్కకు నేడు గిన్నెనిండ గుళికలు పోయుదురు. మరునాడు వాంతులు, విరేచనములు. ఈ తిండి దీనికి పడలేదని సంచిని మూలకు నెట్టుదురు. మేము మనవి చేయదలచిన దేమనగా, ఇట్టిచోట్ల తరచు తప్పు తిండిది కాదు, తొందరది.

కుక్క ప్రేగులలో కోట్లకొలది సూక్ష్మజీవులు కాపురముండును. నిత్యము వచ్చు తిండినిబట్టి వానిలో కొన్ని పెరుగును, కొన్ని తగ్గును. జీర్ణరసములును అలవాటైన తిండికి తగినట్లే ఊరును. అలవాటులేని తిండి ఒక్కసారిగా వచ్చిపడినచో అరగని భాగము పెద్దప్రేగును చేరి పులిసి, నీటిని లాగుకొనును. అదియే విరేచనము.

అన్నము కుక్కకు బొత్తిగా తగదనుటయు సరికాదు. పిండిపదార్థము నరగించు జన్యువు ప్రతులు తోడేలులోకంటె కుక్కలో మిక్కిలి హెచ్చుగా నున్నవని 2013లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. ఐనను వట్టి అన్నమున మాంసకృత్తులు చాలవు గనుక మార్పు మేలే.

అందుకు ఏడు దినములు పట్టనిండు. మొదటి రెండు దినములు మూడుపాళ్లు పాతతిండి, ఒకపాలు క్రొత్తది. తరువాతి రెండు దినములు సగము సగము. ఆపై రెండు దినములు ఒకపాలు పాతది, మూడుపాళ్లు క్రొత్తది. ఏడవనాడు అంతయు క్రొత్తది. మలము పలుచబడినచో వెనుకటి మెట్టునకు మరలవలెను. మంచినీరు ఎల్లప్పుడు అందుబాటున నుంచవలెను.

పండుగ తిండియు ఆకస్మికమైన మార్పే. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు వచ్చిన చుట్టములు ముద్దుకొలది గారెలు, మాంసపుక్రొవ్వు, ఎముకలు కుక్కకు వేయుదురు. హెచ్చుక్రొవ్వు వలన క్లోమము వాచవచ్చును. ఉడికిన ఎముక చీలి ప్రేగును గ్రుచ్చవచ్చును. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు విషతుల్యములు.

ఎదిగిన కుక్క హుషారుగా నున్నచో స్వల్ప విరేచనము ఒకటి రెండు దినములలో సర్దుకొనును. ఉప్పుకారములు లేని మెత్తని అన్నము, ఎముకయు చర్మమును తీసి ఉడికించిన కోడిమాంసము కొద్దికొద్దిగా పెట్టవచ్చును. మనుష్యుల మందుబిళ్లలు వేయరాదు. నెత్తురు పడినను, వాంతులు ఆగకున్నను, చిగుళ్లు ఎండినను, కుక్క లేవలేకున్నను వెంటనే పశువైద్యునికి చూపవలెను.

కుక్కపిల్ల విషయమున ఒక్కపూటయు వేచియుండరాదు. 1978 ప్రాంతమున లోకమంతట వ్యాపించిన పార్వో వ్యాధియు ఈ వాంతులు, విరేచనములతోనే బయటపడును. తిండి మార్పువలన వచ్చినదేలే యని ఊరకున్నచో, ఒంటినీరు తరిగి పిల్ల రెండు మూడు దినములలోనే దక్కకపోవచ్చును. ఈ వ్యాధికి టీకా గలదు. ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సుననే మొదటి మోతాదు వేయించి, తక్కిన మోతాదులు వైద్యుడు చెప్పిన నాటికి తప్పక వేయించవలెను.